గత్తరా, గోలీలూ, మనమూ

తెలంగాణ పల్లెల్లో కోపం హద్దు దాటినప్పుడు వినిపించే తిట్టొకటి ఉంది: "నీకు గత్తర రాను!" తిట్టేవారికీ, పడేవారికీ కూడా ఇవాళ గత్తర అంటే ఏమిటో సరిగా తెలియకపోవచ్చు. గత్తర అంటే కలరా. సంస్కృతంలో విషూచి. ఊళ్లకు ఊళ్లను ఖాళీ చేయించిన ఆ జబ్బు తిట్టులో మిగిలిపోయి, మనుషుల జ్ఞాపకంలోంచి జారిపోయింది. కాగితాల్లోంచి కూడా జారిపోయింది. అక్కడ దాని పేరు "అతిసారం". లేదంటే "వాంతులు, విరేచనాలు".

పేరు మార్చినంత మాత్రాన జబ్బు మారదు గాని, దానికి చేసే వైద్యం మారిపోతుంది. నా బాధ ఆ వైద్యం గురించే. భద్రాచలం అడవి అంచున వానాకాలం దిగిందంటే చాలు, నీళ్ల విరేచనాలతో పడిపోయిన ప్రతి మనిషికీ మనవాళ్లు చేసే చికిత్స ఒకటే: ఒక గ్లూకోజు సీసా, ఒక సూది, ఒక మాత్రల రేకు. ఈ మూడింటినీ దుయ్యబట్టడానికే ఈ టపా. ఆ హక్కు నాకెక్కడిదని అడగవచ్చు. నేను వైద్యుణ్ని కాను. కానీ ఆ మూడింటిలో ఒకదాన్ని స్వయంగా కొని తెచ్చిన పాపం నాది.

2006 వానాకాలంలో నేను దుమ్ముగూడెం మండలంలో ఒక చిన్న బడిలో పంతులుగా ఉన్నాను. నా దగ్గర మూడో తరగతి చదివే కోయ పిల్లవాడి తండ్రికి తెల్లవారుజామున విరేచనాలు మొదలయ్యాయి. పొద్దెక్కేసరికి కళ్లు లోతుకు పోయాయి, గొంతు పూడిపోయింది, చేతివేళ్ల చర్మం గంటలకొద్దీ నీళ్లలో నానినట్టు ముడతలు పడింది. అతని భార్య పరుగున వచ్చి, "సారూ, ఒక సూదేయిస్తే కట్టుద్దంట. జర నువ్వు చెప్పి పిలిపియ్యి సారూ" అంది. పిలిపించాను. వచ్చినాయన అర లీటరు గ్లూకోజు సీసాను దూలానికి వేలాడదీశాడు, ఒక సూది పొడిచాడు, చిన్న కాగితం మీద ఏదో మాత్రల పేరు రాసిచ్చాడు. వాగు దాటి, బండి మీద వెళ్లి ఆ మాత్రలు తెచ్చింది నేను. అదే దుకాణంలో, అదే బల్ల మీద, ఓఆర్ఎస్ పొట్లాలు కుప్పగా పోసి ఉన్నాయి. నా చెయ్యి వాటి మీదికి పోలేదు. చదువుకున్నవాణ్ని గదా, రేకులో ఉన్నదే నాకు మందులా కనిపించింది. పొట్లంలో ఉన్నది ఉప్పూ పంచదారే అనిపించింది.

సాయంత్రం మంచాన్ని డోలీలాగా కట్టి మోసుకుపోతుంటే దారిలోనే అతను పోయాడు. అది గత్తరేనా అన్నది తేలలేదు. తేలే అవకాశమే లేదు, ఎందుకంటే నమూనా ఎవరూ తీయలేదు.

ఈ సంగతి ఎవరికి చెప్పినా, చదువుకున్న మిత్రులు సైతం, ఇంచుమించు ఒకే సమాధానం చెబుతారు: "అడవిలో పరీక్షలెక్కడ చేస్తాం? కలరా అయినా కాకపోయినా, ముందుజాగ్రత్తగా ఒక యాంటీబయాటిక్ వేస్తే పోయేదేముంది?" ఈ "పోయేదేముంది" అన్న మాటతోనే నా తగాదా. పోయేదేమిటో ఒక్కొక్కటిగా చెబుతాను.

మొదట పోయేది కాలం. కలరా ఎలా చంపుతుందో మనవాళ్లకు తెలియక కాదు. 1884లో కలకత్తాకు వచ్చి రాబర్ట్ కాక్ ఆ సూక్ష్మజీవిని పట్టుకున్నాడు. అది ఒక విషాన్ని పుట్టిస్తుందనీ, ఆ విషమే పేగులోకి నీటిని తోడేస్తుందనీ నిరూపించినవాడు మన దేశస్థుడే: శంభునాథ్ డే, అదే కలకత్తాలో, 1959లో. కలరా సూక్ష్మజీవి నెత్తురులోకి చొరబడదు, పేగును కోయదు. పేగు గోడకు అంటుకుని విషం చిమ్ముతుంది. ఆ విషం ప్రభావంతో ఒంట్లోని నీరూ ఉప్పూ పేగులోకి, పేగు నుంచి బయటికి పోతాయి. జబ్బు తీవ్రంగా ఉంటే పెద్దవాళ్లలో గంటకు లీటరు దాకా పోవచ్చు. ఉదయం పొలానికి వెళ్లవలసిన మనిషి రాత్రికి కాటికి వెళ్లడానికి కారణం ఇదే. యాంటీబయాటిక్ ఆ సూక్ష్మజీవిని చంపుతుంది, నిజమే. కానీ అప్పటికే ఒంట్లోంచి పోయిన అయిదు లీటర్ల నీటిని ఏ మాత్రా తిరిగి తెచ్చిపెట్టదు. ఇల్లు తగలబడుతుంటే నీళ్లు చల్లడం మాని, నిప్పు పెట్టినవాణ్ని వెతుక్కుంటూ పోవడమే అవుతుంది ఆ వైద్యం.

మరి గ్లూకోజు సీసాలో ఉన్నది నీరే గదా అంటారు. ఒక చిన్న లెక్క వేద్దాం. పూర్తిగా ఎండిపోయిన స్థితిలో ఉన్న మనిషికి కిలో బరువుకు 100 మిల్లీలీటర్ల చొప్పున, మూడు గంటల్లో, నరంలోకి ద్రవం ఎక్కించాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే కొలత. అందులో 30 మిల్లీలీటర్లు మొదటి అరగంటలోనే పోవాలి. (ఏడాది లోపు పసివాళ్లకు మాత్రం ఇదే కొలత కాస్త నెమ్మదిగా, ఆరు గంటల్లో.) యాభై కిలోల మనిషికి మొత్తం అయిదు లీటర్లు. అంటే పది అర లీటరు సీసాలు. మొదటి అరగంటలోనే మూడు. ఆనాడు దూలానికి వేలాడింది ఒకటి. అదీ చుక్క చుక్కగా, మధ్యాహ్నం దాకా. సముద్రంలో కాకిరెట్ట. పైగా ఎక్కించవలసింది రింగర్స్ లాక్టేట్ అనే లవణ ద్రవం. ఉత్త గ్లూకోజు నీళ్లలో సోడియమూ ఉండదు, పొటాషియమూ ఉండదు. పోయినవి ఉప్పూ నీళ్లూ అయితే, ఇచ్చింది చక్కెర నీళ్లు. ఆ సీసాకు డబ్బులు కూడా తీసుకున్నారు.

ఇక్కడే అసలు విచిత్రముంది. ఆ మనిషి ఇంకా మింగగలిగిన స్థితిలో ఉన్నప్పుడు, తెల్లవారుజామునే, అతనికి కావలసింది సీసా కూడా కాదు. కలరా విషం పేగును ఎంత పాడుచేసినా ఒక దారిని మూయలేదు: గ్లూకోజుతో కలిసి సోడియం లోపలికి వెళ్లే దారి. ఆ సోడియం వెంట నీరు కూడా వెళుతుంది. ఓఆర్ఎస్ రహస్యమంతా ఇదే. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన శరణార్థులు బన్‌గావ్‌లో కలరాతో పిట్టల్లా రాలిపోతుంటే, సీసాలు అయిపోయిన స్థితిలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పూ, గ్లూకోజూ, సోడా పొడీ కలిపిన నీళ్లను పీపాల్లో నింపి, రోగుల బంధువుల చేతనే తాగించాడు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు దిగాయి. గమనించండి, తాగించినవాళ్లు తల్లులు, అన్నదమ్ములు, పక్క గుడారం వాళ్లు. వైద్యం చేయడానికి పట్టా అక్కరలేని అరుదైన సందర్భమిది. ఆ మహానుభావుడు 2022లో పోయాడు. పద్మవిభూషణ్ ప్రకటించింది ఆ తర్వాతే, 2023లో. పొట్లానికి మనమిచ్చే గౌరవమే, దాన్ని నిలబెట్టిన మనిషికీ దక్కింది.

రెండవది, పోయేది మందు పరువు. "యాంటీబయాటిక్" అన్న మాట మనవాళ్లకు ఒకే మందు పేరులా వినిపిస్తుంది. మా వైపు విరేచనాలకు తెగ అమ్ముడుపోయే రేకుల్లో నార్‌ఫ్లాక్ససిన్, టినిడజోల్ కలిపినవి ఉంటాయి, మెట్రోనిడజోల్ ఉంటుంది. వీటిలో టినిడజోల్, మెట్రోనిడజోల్ అమీబా వంటి వాటికి పనికొచ్చే మందులు. కలరా సూక్ష్మజీవికి అవి చికిత్స కానే కావు. నార్‌ఫ్లాక్ససిన్ జాతి మందులకు మన ఉపఖండంలోని కలరా ఎప్పటినుంచో లొంగడం మానేస్తోంది. ఇక సూది. కలరాకు సూదిమందు యాంటీబయాటిక్ అవసరమే లేదు. విరేచనాన్ని బిగబట్టే లోపెరమైడ్ అయితే ఇవ్వనే కూడదు. అంటే ఆనాడు వాగు దాటి నేను మోసుకొచ్చిన రేకుకు, ఆ మనిషి ప్రాణానికీ ఏ సంబంధమూ లేదు. నా మనశ్శాంతికి మాత్రమే ఉంది.

మూడవది, పోయేది రేపటి మందు. 1977లో టాంజానియాలో కలరా వచ్చినప్పుడు రోగులకే గాక, ముందుజాగ్రత్త పేరుతో జనానికి పెద్ద ఎత్తున టెట్రాసైక్లిన్ పంచారు. అయిదు నెలలు తిరిగేసరికి అక్కడ పరీక్షించిన కలరా సూక్ష్మజీవుల్లో 76 శాతం టెట్రాసైక్లిన్‌కు లొంగకుండా పోయాయి. 1992లో మద్రాసులో ఓ139 అనే కొత్తరకం కలరా బయటపడింది. ఒకటి కాదు, అనేక మందులను తట్టుకునే జన్యువులు మూటగట్టుకుని ఒక సూక్ష్మజీవి నుంచి మరొకదానికి దూకగలవని శాస్త్రజ్ఞులు గుర్తించింది ఆ రకంలోనే. యెమెన్‌లో 2016లో మొదలైన మహమ్మారి తొలుత చాలా మందులకు లొంగేది. అజిత్రోమైసిన్ వాడకం పెరిగాక, 2018 చివరి నుంచి ఆ మందునూ మరికొన్నింటినీ ఎదిరించే రకం అక్కడ రాజ్యమేలింది. ఇన్ని ఉదాహరణలున్నా, ఒక ఊళ్లో రెండు కేసులు రాగానే ఇంటింటికీ మాత్రలు పంచి, "అందరికీ మందులిచ్చాం" అని లెక్క రాసుకునే శిబిరాలను ఇప్పటికీ చూస్తున్నాం. మూకుమ్మడిగా మాత్రలు పంచవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పుడో చెప్పింది. పంచవలసినవి పొట్లాలు, క్లోరిన్ బిళ్లలు.

మనం అమ్మేవాళ్లమే గాక తయారుచేసేవాళ్లం కూడా. హైదరాబాదు శివార్లలోని పటాన్‌చెరులో మందుల కర్మాగారాల మురుగును శుద్ధి చేసి వదిలే నీటిని 2007లో స్వీడన్ పరిశోధకులు పరీక్షిస్తే, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్ససిన్ తేలింది. చీటీ లేకుండా యాంటీబయాటిక్ అమ్మరాదన్న చట్టమున్న దేశంలో వాగుకు ఏ చీటీ అడిగారో నాకు తెలియదు.

నాలుగవది, పోయేది సాక్ష్యం. ఆసుపత్రికి చేరేలోగా రోగి కడుపులో నాలుగు రకాల మాత్రలు పడి ఉంటే, ఆ తర్వాత నమూనా తీసినా అందులో కలరా మొలకెత్తకపోవచ్చు. మొలకెత్తకపోతే అది కలరా కాదు. కలరా కాకపోతే అతిసారం. అతిసారమైతే పత్రికలో లోపలి పేజీ. మందు వేయకముందే ఒక దూదిపుల్లతో నమూనా తీసి, కారీ-బ్లెయిర్ అనే మాధ్యమంలో ఉంచి పంపితే అది రోజుల తరబడి నిలుస్తుంది. ఊరంతటికీ చేయనక్కరలేదు, మొదటి కొద్దిమందికి చేస్తే చాలు. ఏ మందుకు లొంగుతుందో కూడా తెలిసేది అప్పుడే.

"కలరా ఎక్కడుందండీ ఇప్పుడు?" అనేవారికి రెండు మాటలు. 2009 మే నెలలో హైదరాబాదు నడిబొడ్డున, భోలక్‌పూర్‌లో, మంచినీటి గొట్టంలో మురుగు కలిసి జనం ప్రాణాలు కోల్పోయినప్పుడు బయటపడింది కలరాయే. అంతకు రెండేళ్ల ముందు, 2007లో, ఒడిశాలోని కోరాపుట్, రాయగడ, కలహండి జిల్లాల ఆదివాసుల్ని పొట్టనబెట్టుకున్నదీ కలరాయేనని ప్రయోగశాలలో తేలింది. కూనవరం దగ్గర గోదావరిలో కలిసే మన శబరి పుట్టేది ఆ కోరాపుట్ కొండల్లోనే. పాత ఖమ్మం జిల్లాను 2014లో రాష్ట్రాల మధ్యా, 2016లో జిల్లాల మధ్యా ముక్కలు చేసుకున్నాం. చింతూరు అటు, చర్ల ఇటు. ఏరుకు ఈ సంగతి తెలియదు.

ఇంతదూరం చదివి, ఇతడు యాంటీబయాటిక్ ద్వేషి అని తీర్మానించుకున్నవారు ఉంటే, కాస్త ఆగండి. నా తగాదా రెండో వైపు కూడా ఉంది. "విరేచనాలకు యాంటీబయాటిక్ అక్కరలేదు" అన్న మంచిమాటను మంత్రంలా పట్టుకుని, తీవ్రమైన కలరా రోగికి కూడా ఇవ్వకుండా ఊరుకునే శుద్ధవాదులు ఈమధ్య తయారవుతున్నారు. ఇదీ తప్పే. తీవ్రమైన కలరాలో సరైన యాంటీబయాటిక్ విరేచనాల పరిమాణాన్ని దాదాపు సగానికి తగ్గిస్తుంది; జబ్బు కాలాన్ని సుమారు రోజున్నర కుదిస్తుంది; రోగి మలంలో సూక్ష్మజీవులు వెలువడే రోజుల్నీ తగ్గిస్తుంది. పెద్ద ఆసుపత్రిలో ఇది సౌకర్యం. వాగు పొంగి దారి తెగిన గూడెంలో, సీసాలు పది ఉండి రోగులు ఇద్దరున్న చోట, ఇది ప్రాణం. సగం తగ్గిన విరేచనమంటే మిగిలిన సగం సీసాలు. అంటే ఇంకొక మనిషి. కనుక యాంటీబయాటిక్ విలువ నగరంలో కన్నా అడవిలోనే ఎక్కువ. అందుకే దాన్ని అడవిలోనే ఎక్కువ పొదుపుగా వాడాలి.

ఎవరికి? పూర్తిగా ఎండిపోయిన స్థితికి చేరినవారికి, ద్రవం ఇస్తున్నా మొదటి నాలుగు గంటల్లో గంటకొకసారికి తగ్గకుండా విరేచనమవుతున్నవారికి, గర్భిణులకు, ఇతర జబ్బులతో ఇప్పటికే బలహీనంగా ఉన్నవారికి. ఏది? ఆ ప్రాంతపు కలరా లొంగుతున్నట్టు తెలిస్తే డాక్సీసైక్లిన్, పెద్దవారికి 300 మిల్లీగ్రాములు, ఒకే ఒక్కసారి. గర్భిణులకూ, పిల్లలకు బరువునుబట్టి తగ్గించీ, ఇదే ఇవ్వవచ్చని ఇప్పటి మార్గదర్శకాలు చెబుతున్నాయి. దానికి లొంగకపోతే అజిత్రోమైసిన్, లేదా సిప్రోఫ్లాక్ససిన్, అవీ ఒక్కసారే. అయిదు రోజుల రేకు కాదు. ఎప్పుడు? ద్రవం ఇవ్వడం మొదలుపెట్టి, వాంతులు తగ్గి, మింగగలిగినప్పుడు. ద్రవానికి బదులుగా మాత్రం ఎన్నడూ కాదు. పిల్లలకు దీనితోపాటు జింకు మాత్రలు పది నుంచి పద్నాలుగు రోజులు. ఇది వైద్యులు చేయవలసిన నిర్ణయమే. అయితే వైద్యుణ్ని ఏమడగాలో మనకు తెలిసి ఉండడం తప్పు కాదు.

ఇక్కడ తెలుగువాడిగా ఒక మాట చెప్పుకోకుండా ఉండలేను. డాక్సీసైక్లిన్ టెట్రాసైక్లిన్ల కుటుంబంలోది. ఆ కుటుంబంలో మొట్టమొదటి మందు ఆరియోమైసిన్. 1948లో లోకానికి వెల్లడైంది. దాన్ని బయటికి తెచ్చిన లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనకు సారథి భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. ఆయన అన్నదమ్ములను బలిగొన్నది కూడా పేగు జబ్బే, గ్రహణి. ఆ కుటుంబపు మందును కలరాకు పనికిరాకుండా చేసే పని ఆయన నేల మీదే, ఆయన భాష మాట్లాడే మనమే చేయడం కన్నా సిగ్గుచేటు ఏముంటుంది? జయంతులకు దండలు వేయడం సులభం. మందును అనవసరంగా వేయకపోవడమే కష్టం.

తప్పెవరిది? ఊరి వైద్యుడి మీద నెట్టేసి చేతులు దులుపుకోవడం నాకిష్టం లేదు. రాత్రి పూట పిలిస్తే వచ్చేవాడు అతనొక్కడే. ఓఆర్ఎస్ పొట్లం ఇచ్చి వెళితే అతనికి మిగిలేది ఏమీ లేదు, పైగా "సూది కూడా వెయ్యలే" అన్న నింద. సీసా, సూది వేస్తేనే అతను వైద్యుడు. ఆ కోయ తల్లి అమాయకత్వం మీద నెట్టడం మరీ అన్యాయం. ఆమెకు సూది మీద నమ్మకం ఎవరు నేర్పారు? జలుబుకు సూది వేయించుకునే మనం. పొట్లాన్ని బీదవాళ్ల మందుగా, సీసాను అసలు మందుగా చూసే మనం. ఓఆర్ఎస్ అనే మూడక్షరాలను చక్కెర పానీయాల డబ్బాల మీద అచ్చువేసి అమ్ముకోనిచ్చిన దేశం మనది. హైదరాబాదు పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి ఒంటరిగా పోరాడితే గాని, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరును అలాంటి డబ్బాల మీద వాడరాదని ఆదేశించలేదు. ఆమె గెలుపు పట్టణాల పిల్లలకు ఎంతో, మా గూడేల పిల్లలకు అంతకన్నా ఎక్కువ.

అన్నిటికన్నా కింద ఉన్నది నీటి సంగతి. 2005 తర్వాత సల్వాజుడుం కల్లోలంలో ఛత్తీస్‌గఢ్ నుంచి పారిపోయి వచ్చి, చర్ల, దుమ్ముగూడెం అడవుల్లో గుడిసెలు వేసుకున్న గొత్తికోయలు వాగు ఇసుకలో చెలమ తీసుకుని తాగారు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు బావీ, బోరూ, మరుగూ ఒక్కటయ్యాయి. చెలమ నీళ్లకు డాక్సీసైక్లిన్ జవాబు కాదు. కలరా టీకా తయారీలో హైదరాబాదుకు ప్రపంచంలో పేరుంది: శాంతా బయోటెక్నిక్స్ వారి శాంకాల్ 2009 నుంచి, అది ఆగిపోయాక భారత్ బయోటెక్ వారి హిల్‌కాల్ 2024లో. అయినా మన జాతీయ టీకాల కార్యక్రమంలో కలరా టీకా లేదు. మందు మనది, టీకా మనది, పరిశోధన మనది. చావు మాత్రం కొయవాడిది, కొండరెడ్డిది.

నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. వానాకాలానికి ముందే ప్రతి గూడెంలో ఆశా కార్యకర్త దగ్గర పొట్లాలు కుప్పగా ఉండాలి. ఉపకేంద్రంలో గ్లూకోజు సీసాలు కాదు, రింగర్స్ లాక్టేట్ సీసాలు పదుల్లో ఉండాలి. మొదటి రోగుల నమూనా మాత్ర వేయకముందే తీయాలి. కలరా అని తేలితే కలరా అనే రాయాలి. యాంటీబయాటిక్ అక్కడే, లెక్కతో, అవసరమైనవారికే దొరకాలి. మా ఊరి వైద్యుణ్ని దొంగలా తరమకుండా కూర్చోబెట్టి, కళ్లు లోతుకు పోవడం అంటే ఏమిటో, ఎప్పుడు పైకి పంపాలో నేర్పాలి.

పొట్లం దొరకని చోట లీటరు మంచినీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. లేదా ఉప్పు వేసిన గంజి. ఇది పొట్లానికి సాటి రాదు గాని, పొట్లం వచ్చేదాకా ఆగే సమయాన్ని ఇస్తుంది. ఆనాడు ఆ గుడిసెలో పొయ్యి మీద గంజి ఉంది. నేను చూశాను. దాని వంక వేలు చూపించి, "అమ్మా, ఇదే తాగించు, ఆపకుండా తాగించు" అనడానికి నాకు తెలియలేదు. బండి తాళం తీసుకుని మాత్రల కోసం బయల్దేరాను.

నాతో ఏకీభవించనివారు తప్పక వాదించండి. వాదించేముందు మాత్రం ఒక్కసారి లేచి, మీ ఇంట్లో మందుల డబ్బా తెరిచి చూడండి: సగం వాడి వదిలేసిన యాంటీబయాటిక్ రేకులు ఎన్ని ఉన్నాయి, ఓఆర్ఎస్ పొట్లాలు ఎన్ని ఉన్నాయి?